ఏ మాత్రతో ఏ ఇబ్బంది: యాంటీసైకోటిక్ మందుల్లో ఎంపిక ఎలా?

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తేలిన మొదటి వారంలో నేను డాక్టరు గారిని అడిగింది ఒకటే: "వీటన్నిటిలో మంచి మందు ఏది?" ఆయన జవాబు చెప్పకుండా, "మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా?" అని తిరిగి అడిగారు. మా నాన్నకు ఉందని చెప్పాను. నా ప్రశ్నకూ ఆయన ప్రశ్నకూ సంబంధం ఏమిటో నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఇంకొకరికి పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

లేని గొంతులు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం, ఉన్మాదం వంటి లక్షణాలను అదుపు చేయడంలో ఈ యాంటీసైకోటిక్ మందుల మధ్య తేడా, క్లోజపిన్ అనే ఒక్క మందును పక్కన పెడితే, మనం ఊహించుకున్నంత పెద్దది కాదు. అవి ఒంటిని ఎటువైపు నుంచి ఇబ్బంది పెడతాయన్నదాంట్లోనే అసలు తేడా ఉంది. 2013లో లాన్సెట్ వైద్యపత్రికలో 15 మందులను పోల్చిన పెద్ద విశ్లేషణ వచ్చింది. 212 పరీక్షలు, 43 వేలకు పైగా రోగుల వివరాలు కలిపి చూశారు. గుణం విషయంలో తేడాలు ఉన్నా చిన్నవే, దుష్ప్రభావాల విషయంలో మాత్రం చాలా ఎక్కువ అని తేల్చారు. అంతకుముందు, 2005లో, అమెరికాలో ఈ మందులనే పోలుస్తూ దాదాపు 1,500 మందిపై జరిగిన క్యాటీ అనే పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. 18 నెలలు గడిచేలోపు నూటికి 74 మంది మొదట ఇచ్చిన మందును మానేశారు. ఎక్కువకాలం కొనసాగించింది ఓలాంజపిన్ వాళ్లు. బరువు ఎక్కువగా పెరిగిందీ వాళ్లకే. పాతకాలపు పెర్ఫెనజిన్ కూడా కొత్తవాటిలో చాలావాటికి దీటుగా నిలిచింది. కాబట్టి "కొత్త మందు, ఖరీదైన మందు" అన్న మాటకు వెంటనే లొంగిపోవద్దు.

ఇబ్బందులు ఎందుకు వస్తాయో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ వాడిన నాటి నుంచి నేటి వరకు ఈ మందుల్లో దాదాపు అన్నిటి పనీ మెదడులో డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గించడమే. ఒక వీధికి నీళ్లు ఆపాలని వాల్వు తిప్పితే పక్క వీధుల కుళాయిలూ సన్నబడినట్టు, భ్రమలకు సంబంధించిన చోటుతో పాటు కదలికలను నడిపించే చోటా, పాల హార్మోనును అదుపు చేసే చోటా డోపమైన్ తగ్గుతుంది. కొన్ని మందులు దీనితో పాటు హిస్టమైన్ అనే ఇంకో రసాయనాన్నీ అడ్డుకుంటాయి. అక్కడి నుంచి నిద్రమత్తు, ఆకలి మొదలవుతాయి.

కాళ్లు, మెడ, చేతులు

తమ్ముడికి మొదట ఇచ్చింది రిస్పెరిడోన్. నాన్నకు షుగరు ఉంది కాబట్టి బరువు అంతగా పెంచని మందుతో మొదలుపెట్టారు. రెండో వారానికి గొంతులు తగ్గాయి. మూడో వారంలో నడక మొదలైంది. హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకు, రాత్రి పదకొండు దాకా. అన్నం కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూ తినేవాడు. కూర్చోమంటే కూర్చుని, పది లెక్కపెట్టేలోపు లేచేవాడు. జబ్బు ముదిరిందనుకున్నాం. మా డాక్టరు గారు ఊళ్లో లేకపోతే ఇంకొకరికి చూపించాం, ఆయనా అలాగే అనుకుని మోతాదు పెంచారు. నడక ఇంకా పెరిగింది, ఒకరోజు "చచ్చిపోతే ఈ కాళ్లు ఆగుతాయేమో" అన్నాడు. మొదటి డాక్టరు గారు తిరిగొచ్చాక వాడిని ఒక్క ప్రశ్న అడిగారు: "తిరగమని నీ మనసు చెబుతోందా, కాళ్లు చెబుతున్నాయా?" "కాళ్లు సార్" అన్నాడు వాడు. మోతాదు తగ్గించి, ప్రొప్రనొలోల్ జతచేశారు. నాలుగు రోజుల్లో కూర్చుని అన్నం తిన్నాడు.

దాని పేరు అకథీసియా. అందరూ భయపడే వణుకు కన్నా ఇదే ఎక్కువ బాధపెడుతుందని, జబ్బేనని పొరపడే ప్రమాదం దీనికే ఎక్కువని నా నమ్మకం. ఆత్మహత్య ఆలోచనలకూ ఇది దారితీయవచ్చు. అందుకే ఆ ప్రశ్నను మందు మొదలుపెట్టిన ప్రతి ఇంట్లోనూ అడగాలి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్, లురాసిడోన్, కారిప్రజిన్‌లతో ఇది వచ్చే అవకాశం ఎక్కువ. క్వెటియాపిన్, ఓలాంజపిన్, క్లోజపిన్‌లతో తక్కువ. బరువు పెంచదు కదా అని అరిపిప్రజోల్ ఎంచుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

మొదటి రోజుల్లోనే, ముఖ్యంగా యువకుల్లో, మెడ ఒక పక్కకు మెలితిరిగిపోవడం, నాలుక బయటికి రావడం, కనుగుడ్లు పైకి వెళ్లి ఉండిపోవడం జరగవచ్చు. చూసేవాళ్లకు గాలి సోకినట్టు ఉంటుంది, తాయెత్తుల దాకా వెళ్లినవాళ్లనూ నేను ఎరుగుదును. ఇది డిస్టోనియా. ఆసుపత్రిలో ప్రోమెథజిన్ వంటి ఇంజెక్షన్ ఒక్కటి ఇస్తే మామూలుగా అరగంటలో సర్దుకుంటుంది. గొంతు కండరాలు పట్టేస్తే ఊపిరి ఆడదు, అప్పుడు నిమిషం ఆలస్యం కూడదు.

వారాల తరువాత వచ్చే వణుకు, బిగుసుకుపోయిన నడక, ముఖంలో కళ తగ్గడం పార్కిన్సన్ వ్యాధిని పోలి ఉంటాయి. వీటికి మన దగ్గర ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర, చాలామందికి పాసిటేన్‌గా తెలిసినది, విరివిగా రాస్తారు. అవసరమైనప్పుడు మంచిదే. కానీ ఏళ్ల తరబడి అలవాటుగా చీటీలో ఉండిపోతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మతిమరుపు దాని నుంచీ వస్తాయి. అకథీసియాకు అంతగా పనిచేయదు కూడా. "ఇది ఇంకా అవసరమా?" అని ఆరు నెలలకోసారైనా అడగండి.

టార్డివ్ డిస్కినీసియా వేరు. నెలలు, ఏళ్లు వాడాక పెదవులు చప్పరించడం, నాలుక, దవడ వాటంతట అవే కదలడం. ఒకసారి వస్తే కొందరిలో పోదు. క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్ వంటి పాత తరం మందులతో, వయసు మళ్లినవాళ్లలో ఎక్కువ. కొత్తవాటితో తక్కువే గాని అసలు రాదని కాదు. ఇది మనిషికి తనకు తెలియకుండా ఉండవచ్చు, ఇంట్లోవాళ్లకే ముందు కనిపిస్తుంది. టీ తాగుతున్నప్పుడు ఎదురుగా కూర్చుని నోటిని గమనించండి.

బరువు, షుగరు

రిస్పెరిడోన్ తగ్గించాక గొంతులు మళ్లీ మొదలైతే తమ్ముడిని ఓలాంజపిన్‌కు మార్చారు. నిద్ర పట్టింది, కాళ్లు ఆగాయి, ఇల్లు ఊపిరి పీల్చుకుంది. ఆకలి మాత్రం నేను ఎప్పుడూ చూడనంత. అన్నం అయిన గంటకు వంటింట్లో గిన్నెల చప్పుడు. అమ్మ "పిల్లవాడు తింటున్నాడు" అని సంతోషపడి ఇంకో గరిటె వేసేది. ఐదు నెలల్లో 61 కిలోల నుంచి 73కు వచ్చాడు. బెల్టుకు తనే మేకుతో రెండుసార్లు కొత్త రంధ్రాలు పెట్టుకున్నాడు.

అప్పుడు మాకు తెలియనిది ఒకటి ఉంది. మొదటి నెలలోనే బరువు నూటికి 5 వంతులు పెరిగితే, తరువాత చాలా పెరిగే సూచన అది. ఆ నెలలోనే డాక్టరుకు చెప్పాలి. బరువు, షుగరు, కొలెస్ట్రాల్ విషయంలో ఓలాంజపిన్, క్లోజపిన్ అన్నిటికన్నా ముందుంటాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ మధ్యలో. అరిపిప్రజోల్, లురాసిడోన్, జిప్రాసిడోన్, హాలోపెరిడాల్ తక్కువ. మనవాళ్లకు షుగరు తక్కువ బరువులోనే వస్తుంది కాబట్టి నడుము కొలతలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే హెచ్చరికగా తీసుకోవాలి. మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము, షుగరు, కొలెస్ట్రాల్, బీపీ చూపించి రాసి ఉంచుకోండి. మూడు నెలలకు మళ్లీ, ఆపైన కనీసం ఏడాదికోసారి. మొదటి రోజు లెక్క లేకపోతే తరువాతి లెక్కకు అర్థం ఉండదు.

"తిండి తగ్గించు, వ్యాయామం చెయ్యి" అని మనిషిని తిట్టడం అన్యాయం. ఆ ఆకలి మాత్ర పెంచిన ఆకలి. చేయగలిగినవి ఉన్నాయి: వండే అన్నమే తగ్గించి కూర, పప్పు పెంచడం, సీసాల్లో తియ్యటి పానీయాలు ఇంట్లో పెట్టకపోవడం, డాక్టరు సరేనంటే షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర జతచేయడం. ఈ మందుల వల్ల పెరిగే బరువును మెట్‌ఫార్మిన్ కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. మొదలుపెట్టినప్పుడే అడగడం మేలు.

నెలసరి, పాలు, దాంపత్యం

ఆసుపత్రి వరండాలో పరిచయమైన ఒకావిడ తన కూతురికి నాలుగు నెలలుగా నెలసరి రాలేదని గుసగుసగా చెప్పింది. పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్ల. ఇంట్లో అనుమానంగా చూడటం మొదలుపెట్టారట. ఆ అమ్మాయి వాడుతున్నది అమిసల్‌ప్రైడ్. ప్రొలాక్టిన్ అనే పాల హార్మోనును అది, రిస్పెరిడోన్, పాలిపెరిడోన్ బాగా పెంచుతాయి. హాలోపెరిడాల్ కూడా పెంచుతుంది. నెలసరి ఆగడం, గర్భం లేకుండానే రొమ్ముల నుంచి పాలు రావడం, మగవాళ్లలో కోరిక తగ్గడం, రొమ్ములు పెరగడం దాని పని. ఎక్కువకాలం ఉంటే ఎముకలు బలహీనపడతాయి. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. క్వెటియాపిన్‌తో ఈ బాధ అరుదు, ఓలాంజపిన్‌తో తక్కువ. అరిపిప్రజోల్ పెరిగిన ప్రొలాక్టిన్‌ను తగ్గిస్తుంది, అందుకే కొన్నిసార్లు చిన్న మోతాదులో జతచేస్తారు.

మందు మార్చాక నెలసరి తిరిగి మొదలైతే గర్భం వచ్చే అవకాశమూ తిరిగి వస్తుంది. ఈ మాట పెళ్లైన ఆడవాళ్లకు ముందే చెప్పాలి. గర్భం వచ్చిందని తెలిసినా మాత్రలు ఒక్కసారిగా మానేయకండి, ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి.

మగవాళ్లు దాంపత్యంలో ఇబ్బంది గురించి నోరు విప్పరు. మాత్ర రహస్యంగా మానేస్తారు. ఇంట్లోవాళ్ల ఎదుట అడిగితే ఎవరూ చెప్పరు కాబట్టి డాక్టరుతో ఒంటరిగా మాట్లాడే అయిదు నిమిషాలు వాళ్లకు వదిలిపెట్టండి.

మత్తు, గుండె, ఎండ

క్వెటియాపిన్, ఓలాంజపిన్, క్లోజపిన్, క్లోర్‌ప్రోమజిన్ మత్తు ఎక్కువ ఇస్తాయి. నిద్ర పట్టక అల్లాడే మనిషికి రాత్రిపూట అది వరమే. తెల్లవారుజామున లారీ తీయాల్సినవాడికి ప్రమాదం. మొదటి రోజుల్లో మంచం మీద నుంచి ఒక్కసారి లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, లేచి కూర్చుని ఆగి నిలబడాలి. జిప్రాసిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ విషయంలో గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందుగా ఈసీజీ తీయించుకోవాలి. లురాసిడోన్, జిప్రాసిడోన్ ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు. ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పి ఎంచుకోవాలి.

మన కోస్తా, తెలంగాణ ఎండల్లో ఇంకో మాట. ఈ మందుల్లో చాలావాటితో, పాసిటేన్‌తో మరీ ఎక్కువగా, చెమట పట్టడం, ఒంటి వేడి తగ్గడం దెబ్బతింటుంది. క్లోర్‌ప్రోమజిన్‌తో చర్మం త్వరగా కమిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పొలం పనికో, మేస్త్రీ పనికో వెళ్లేవాళ్లకు వడదెబ్బ ముప్పు మిగతావాళ్ల కన్నా ఎక్కువ.

క్లోజపిన్: భయపడాల్సినంత, భయపడకూడనంత

రెండు మందులు సరైన మోతాదులో, సరిపడినంత కాలం వాడినా గుణం కనిపించకపోతే ఆలోచించవలసింది క్లోజపిన్. 1975లో ఫిన్లాండ్‌లో దీనివల్ల తెల్లరక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు. చాలా దేశాల్లో వెనక్కి తీసుకున్నారు. 1988లో అమెరికాలో, ఏ మందుకూ లొంగని 268 మందిపై జరిగిన పరీక్షలో క్లోజపిన్‌తో నూటికి 30 మంది, క్లోర్‌ప్రోమజిన్‌తో 4గురు మెరుగయ్యారు. దాంతో రక్తపరీక్షల షరతుతో తిరిగి వచ్చింది. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని పేరున్నదీ ఇదే.

కణాలు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోయే ప్రమాదం నూటికి ఒక్కరి కన్నా తక్కువ, అదీ ఎక్కువగా మొదటి నెలల్లో. అందుకే తొలి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష, ఆపైన దూరం పెంచుతారు. జ్వరం, గొంతునొప్పి వస్తే పారాసిటమాల్ వేసి పడుకోకూడదు, వెంటనే రక్తపరీక్ష. మొదటి నెలల్లో ఛాతీనొప్పి, ఆయాసం వస్తే గుండె కండరం వాపేమో చూడాలి. రాత్రి దిండు తడిసేలా చొంగ కారడం చికాకు మాత్రమే. మలబద్ధకం మాత్రం చిన్న విషయం కాదు, పేగు కదలిక ఆగిపోయి ప్రాణాపాయం దాకా వెళ్లగలదు. రెండు రోజులకు మించి మాత్రలు తప్పితే పాత మోతాదులో తిరిగి మొదలుపెట్టకూడదు. బీడీ, సిగరెట్ ఒక్కసారిగా మానేసినా రక్తంలో క్లోజపిన్ పెరుగుతుంది, ఓలాంజపిన్ కూడా. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి. వారం వారం ల్యాబుకు తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నది ఈ మందు విషయంలో అసలు ప్రశ్న.

మాత్రా, ఇంజెక్షనా?

రోజూ మాత్ర కోసం గొడవ జరిగే ఇళ్లకు నెలకోసారి, రెండు మూడు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు శాంతి తెచ్చిపెడతాయి. ఫ్లూఫెనజిన్, హాలోపెరిడాల్ చవకలో ఉన్నాయి, పాలిపెరిడోన్ ఖరీదు ఎక్కువ. చిక్కు ఒకటే: ఇబ్బంది వస్తే ఒంట్లోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేం. అందుకే అదే మందును ముందు మాత్రగా వాడి చూడాలి.

సాంబారులో, పెరుగన్నంలో మాత్ర పొడి కలపడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఎంత నిస్సహాయతలో చేస్తారో నాకు తెలుసు. అయినా వద్దనే చెబుతాను. మందు వేసుకున్నట్టే తెలియని మనిషి తన ఒంట్లో మార్పును ఎవరికి చెబుతాడు? తెలిసిన రోజున మన చేతి అన్నం కూడా నమ్మడు.

మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల కోపతాపాలకు ఈ మందులు ఇచ్చేటప్పుడు మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరైతే కొద్ది మోతాదు, కొద్ది కాలం. ఎప్పుడు ఆపుతారో మొదటి రోజే అడగాలి.

డాక్టరు గది లోపల

మనిషి బతుకు ఎలా ఉంటుందో చెబితేనే డాక్టరు సరిగా ఎంచగలరు. దర్జీకి వేలి వణుకు అంటే జీవనం పోవడం, అతనికి కాస్త మత్తు నయం. ఇంట్లో అందరికీ షుగరు ఉన్నవాళ్లు అరిపిప్రజోల్, లురాసిడోన్ గురించి అడగాలి, కాళ్ల సంగతి గమనిస్తూ. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ప్రొలాక్టిన్ మాట ముందే ఎత్తాలి. పాత చీటీలన్నీ తీసుకెళ్లండి: ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు, ఎందుకు ఆగింది. అది లేకపోతే పనిచేయని మందే మళ్లీ రాయవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. చికిత్స గురించీ, దాని తెలిసిన దుష్ప్రభావాల గురించీ సమాచారం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. దగ్గర్లో డాక్టరు లేనప్పుడు 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

సొంతంగా మాత్రం ఆపవద్దు, మార్చవద్దు. మార్పు మామూలుగా పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ, వారాల మీద జరుగుతుంది. దీనికి ఒక మినహాయింపు: తీవ్రమైన జ్వరం, కట్టెలా బిగుసుకున్న ఒళ్లు, విపరీతమైన చెమట, తికమక కలిసి కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అరుదైనదే గాని ప్రాణాంతకం.

ఓలాంజపిన్‌తో బరువు 73 అయినప్పుడు డాక్టరు గారు తమ్ముడి ముందు రెండు దారులు పెట్టారు: అరిపిప్రజోల్‌కు మారడం, లేదా ఇదే మందు తగ్గించి మెట్‌ఫార్మిన్ జతచేయడం. నాకు మొదటిదే మంచిదనిపించింది. వాడు నన్ను చూడకుండా ఆయనకే చెప్పాడు: "బొజ్జ ఉన్నా ఫర్వాలేదు సార్, ఆ కాళ్ల బాధ మళ్లీ వద్దు." ఇప్పుడు 68 కిలోలు. ప్రతి ఆదివారం ఉదయం బరువు చూసుకుని పుస్తకంలో వాడే రాస్తాడు. పక్కన నడుము కొలత, కింద ఆ వారం ఎన్ని మాత్రలు తప్పాయో.